మీటర్ చూపిన నూట అరవై రెండు

ఒమన్‌లో సహం అనే ఊరు ఉంది. అక్కడ సముద్రం ఒడ్డున ఒక వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్లు పడవల ఇంజిన్లు బాగు చేశాను. పడవ వెనక చెక్కకు బిగిస్తారే, ఆ ఔట్‌బోర్డ్ ఇంజిన్లు. పోయిన ఏడాది పని మానేశాను. ఇప్పుడు మస్కట్‌లో, వాదీ కబీర్ అనే పేటలోని మా అమ్మాయి ఇంటికి వచ్చి ఉంటున్నాను. కింద వీధిలో వరసగా గ్యారేజీలే. వాటిలో పనిచేసే మన జిల్లాల వాళ్లు శుక్రవారాలు వచ్చి కూర్చుంటారు.

“కాకా, పీక్ వోల్టేజీ కొలిచే ఆ డబ్బీ నువ్వే చేసినవంట గదా. సర్క్యూట్ గీసియ్యరాదు,” అని అడుగుతారు.

గీసివ్వడానికి రెండు నిమిషాలు చాలు. మూడే వస్తువులు. కానీ నాకు ఆ గీత ఒక్కటీ ఇచ్చి పంపడం ఇష్టం లేదు. దాన్ని నమ్మి నేను ఇద్దరు మనుషుల్ని చావు అంచుదాకా తీసుకెళ్లాను. ఆ సంగతి కూడా తెలుసుకున్నాకే మీరు దాన్ని చేతిలోకి తీసుకోవాలని ఇది రాస్తున్నాను.

చెవి, మీటర్

మాది మెట్‌పల్లి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, బావుల దగ్గరి మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ని. సహంలో దిగేనాటికి నేను సముద్రం చూడలేదు. పెట్రోలు ఇంజిన్ విప్పలేదు.

వర్క్‌షాపు సాలెం అనే ఒమనీది. మేమంతా ఆయన్ని అర్బాబ్ అనేవాళ్లం, యజమాని అని. ఫోర్‌మన్ మస్తాన్ భాయ్‌ది కడప. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. ఇంజిన్ తిరుగుతుంటే తల కొంచెం పక్కకు వంచి, కళ్లు మూసుకుని వినేవాడు. “రెండో సిలిండర్‌లో మంట పడ్డంల్యా,” అనేవాడు. పదిలో ఏడుసార్లు అదే అయ్యేది. మిగిలిన మూడుసార్లు షెల్ఫులో దాచుకున్న మంచి సామాన్లు ఒక్కొక్కటే తెచ్చి మార్చి చూసేవాడు. ఏది మార్చాక ఇంజిన్ లేస్తే ఆ సామాను పోయినట్టు.

నాకు ఆ పద్ధతి నచ్చేది కాదు. కరెంటు పని నేర్చినవాడికి కొలవకుండా మార్చడం అంటే కళ్లకు గంతలు కట్టుకుని నడిచినట్టు ఉంటుంది. అందుకని మొదటి నెలలోనే నా మల్టీమీటర్ తీసి ఇంజిన్‌లోని చార్జ్ కాయిల్‌కు పెట్టాను. ఫ్లైవీల్ కింద ఉంటుంది అది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు దాని పక్కనుంచి పోయినప్పుడల్లా కరెంటు పుట్టి సీడీఐ బాక్సుకు వెళ్తుంది. అక్కణ్నుంచే స్పార్క్ ప్లగ్‌కు మంట. బాగున్న ఇంజిన్‌లో నా మీటర్ నలభై వోల్టులు చూపింది. చచ్చిన ఇంజిన్‌లో ముప్పై ఎనిమిది.

మస్తాన్ భాయ్ చూసి నవ్వాడు. “అయ్యేపని కాదబ్బా అది. నీ మీటరుకు చెవుల్లేవు.”

ఎందుకలా అయిందో ఇంజిన్‌తో వచ్చే సర్వీసు పుస్తకంలో దొరికింది. ఆ కాయిల్‌లో కరెంటు రెప్పపాటు ఎగిసి పడిపోతుంది. ఎగిసినప్పుడు రెండు వందలు ఉండవచ్చు, ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. మామూలు మీటర్ ఈ రెంటినీ కలిపి సగటు చూపిస్తుంది. మనకు కావలసింది ఎగిసిన ఎత్తు. దాన్ని పట్టుకోవడానికి ఒక అడాప్టర్ ఉండాలని పుస్తకంలో ఉంది. అది మా షాపులో లేదు. అర్బాబ్ తెప్పించనన్నాడు.

సోహార్‌లో రేడియోలు బాగుచేసే ఒక పాకిస్తానీ దగ్గర డయోడ్, కెపాసిటర్, రెసిస్టర్ తెచ్చుకుని సబ్బు డబ్బాలో కూర్చాను. డయోడ్ కరెంటును లోపలికి రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. వచ్చినదాన్ని కెపాసిటర్ పట్టి ఉంచుతుంది. మీటర్ నిదానంగా చదువుకుంటుంది. రెసిస్టర్ ఆ నిలవను మెల్లగా ఖాళీ చేస్తుంది. అంతే.

మొదటిసారి తాడు లాగగానే డబ్బా టపాకాయలా పేలింది. తక్కువ వోల్టేజీ కెపాసిటర్ వేశాను. మూత ఎగిరి మస్తాన్ భాయ్ టీ గ్లాసును పడగొట్టింది. రెండోసారి పేలలేదు కానీ, కొలిచాక ఖాళీ అయ్యేదాకా ఆగకుండా తీగలు పట్టుకున్నాను. మోచేతి దాకా కొట్టింది. ఇంజిన్ దిమ్మ మీద పడి నుదురు చీరింది. ఇప్పటికీ ఆ గీత ఉంది. మీరు ఆరు వందల వోల్టులకు తక్కువ కాని కెపాసిటర్ వాడండి. కొలవడం అయ్యాక అయిదు అంకెలు లెక్కపెట్టి ముట్టుకోండి.

మూడోసారి అది పనిచేసింది. బాగున్న ఇంజిన్‌లో రెండు వందల పది. చచ్చినదాంట్లో డెబ్బై. మస్తాన్ భాయ్ అంకెల వైపు చూశాడు, నా వైపు చూశాడు, వెళ్లి ఇంకో టీ తెచ్చుకున్నాడు.

దాచుకున్న తప్పు

రెండేళ్లలో ఆ డబ్బీకి పేరొచ్చింది. ఖాబూరా నుంచి కూడా ఇంజిన్లు తెచ్చేవాళ్లు. “హిందీ డబ్బా” అనేవాళ్లు ఒమనీలు, ఇండియావాడు చేసిన డబ్బా అని.

ఆ రోజుల్లో ఒక చిన్న తప్పు జరిగింది. ఇంజిన్‌లో పల్సర్ కాయిల్ అని ఇంకొకటి ఉంటుంది. మంట ఎప్పుడు పడాలో చెప్పేది అదే. దాని కరెంటు చాలా తక్కువ. కనీసం నాలుగు వోల్టులు ఉండాలని పుస్తకంలో ఉంది. నా డబ్బీ మూడున్నర చూపింది. “కాయిల్ పోయింది” అన్నాను. అర్బాబ్ మస్కట్ నుంచి కొత్తది తెప్పించాడు. కొత్తది బిగించి కొలిచాను. మళ్లీ మూడున్నర.

కాసేపటికి అర్థమైంది. దారిలో డయోడ్ అర వోల్టు పైనే మింగేస్తుంది. రెండు వందలలో అర వోల్టు లెక్క కాదు. నాలుగులో అర అంటే బాగున్న కాయిల్‌కు చావు రాసినట్టే. అసలు జబ్బు ఒక వదులైన కనెక్టర్‌ది.

“ఇప్పుడు బాగుందా?” అని అర్బాబ్ అడిగాడు.

“బాగుంది,” అన్నాను. పాత కాయిల్ మంచిదేనని చెప్పలేదు. కనెక్టర్ బిగించి ఊరుకున్నాను. మస్తాన్ భాయ్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలిసింది. ఆయనా చెప్పలేదు.

ఆ రోజు చెప్పి ఉంటే పోయేది ఏమీ లేదు. నాలుగు మాటలు పడేవాణ్ని. చెప్పకపోవడం వల్ల అందరికీ నా డబ్బీ తప్పు చెప్పదనే నమ్మకం గట్టిపడింది. అందరికన్నా ఎక్కువగా నాకు.

హమద్ ఇంజిన్

హమద్ సహం మనిషే. యాభై దాటినవాడు. డెబ్బై అయిదు గుర్రాల ఒంటి ఇంజిన్ ఉన్న పడవ. చెల్లెలి మొగుడు నాసర్‌తో కలిసి వేటకు వెళ్లేవాడు. మాతో హిందీలో మాట్లాడేవాడు. ఒక అక్టోబరులో, వంజరం చేపల మీద నిషేధం తీరి వేట తెరవడానికి నాలుగు రోజుల ముందు, ఇంజిన్ తెచ్చాడు.

“అరగంట బాగా నడుస్తుంది. తర్వాత ఆగిపోతుంది. చల్లారితే మళ్లీ లేస్తుంది,” అన్నాడు.

డ్రమ్ములో నీళ్లు పోసి, ఇంజిన్ బిగించి నడిపాం. ముప్పై అయిదో నిమిషంలో ఒకసారి దగ్గి ఆగింది. మస్తాన్ భాయ్ కళ్లు తెరిచాడు.

“చార్జ్ కాయిల్. వేడెక్కితే లోపల తీగ తెగుతాండాది. మార్చాల్సిందే.”

కాయిల్ మస్కట్‌లో లేదు, దుబాయ్ నుంచి రావాలి. వారం పైనే పడుతుంది. హమద్ ముఖం వాడిపోయింది. వేట తెరిచిన మొదటి రోజులు పోతే ఆ సీజను సగం పోయినట్టే వాళ్లకు.

“కొలుస్త ఆగు భాయ్,” అన్నాను.

చల్లగా ఉన్నప్పుడు కొలిచాను. నూట తొంభై. మళ్లీ నడిపి, ఆగిపోయిన నిమిషంలోనే స్టార్టర్ తిప్పి కొలిచాను. నూట అరవై రెండు. కనీసం నూట యాభై ఉండాలని పుస్తకం. హమద్‌కు అంకె చూపించాను, పుస్తకంలోని అంకె చూపించాను.

“కాయిల్ మంచిగనే ఉంది. పెట్రోలు దారిలో ఏదో అడ్డం పడుతున్నది,” అన్నాను.

“నూట యాభైకి నూట అరవై అంటే అంచు మీద ఉన్నట్టు ల్యాదా రాజేశం?” అన్నాడు మస్తాన్ భాయ్. “నాకు వినబడతాండాది. మంట పడ్డంల్యా.”

“భాయ్, నీకు వినబడ్తది. నాకు కనబడ్తున్నది. అంచు లోపటనే ఉన్నది కదా.”

ఆయన ఫోర్‌మన్. వద్దు అనగలడు. కానీ నన్ను రాజు అని పిలిచే అర్బాబ్ కూడా అక్కడే ఉన్నాడు. “రాజు డబ్బా చెప్పింది కదా, ఖలాస్,” అన్నాడు. కార్బురేటర్ విప్పి కడిగాను. ఫిల్టర్ మార్చాను. మళ్లీ డ్రమ్ములో నడిపితే ఆ సాయంత్రం నలభై అయిదు నిమిషాలు ఆగకుండా నడిచింది. గాలి చల్లగా వీస్తోంది. అందుకే నడిచిందని ఇప్పుడు తెలుసు. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను.

“నీ మాట మీద తీసుకెళ్తున్నాను,” అన్నాడు హమద్. నా భుజం తట్టాడు.

ఎవరు చూశారు ఆ ఇంజిన్?

వేట తెరిచిన రెండో రోజు, పదిన్నర ప్రాంతంలో ఒక పికప్ వర్క్‌షాపు గేటులోకి దూసుకొచ్చి ఆగింది. హమద్ అన్న ఖల్ఫాన్ దిగాడు. బండి ఇంజిన్ కూడా ఆపలేదు.

“హమద్ ఇంజిన్ ఎవడు చూశాడు?”

చేతిలో స్పానర్ ఉంది నాకు. “నేను,” అన్నాను.

“ఇంజిన్ ఆగింది. గంట కింద ఫోన్ చేశాడు. గాలి లేచిందట, పడవలోకి నీళ్లు వస్తున్నాయట. మధ్యలో ఫోన్ పోయింది. కోస్ట్ గార్డుకు చెప్పాం, వాళ్లు సోహార్ నుంచి రావాలి. నువ్వు నాతో రా. బోటెక్కు.”

మస్తాన్ భాయ్ ముందుకొచ్చాడు. “నేనూ వస్తా.”

“ఒక్కడు చాలు. తిరిగొచ్చేటప్పుడు ఇద్దర్ని ఎక్కించుకోవాలి,” అన్నాడు ఖల్ఫాన్.

నాకు ఈత రాదు. ఆ సంగతి మస్తాన్ భాయ్‌కు తెలుసు. లైఫ్ జాకెట్ తెచ్చి నాకు తొడిగి, బెల్టులు తనే బిగించాడు. ‘నేను చెప్పానా’ అని ఒక్క మాట అనలేదు. పనిముట్ల సంచీ చేతికిస్తూ, “మీటరు పెట్టినా,” అన్నాడు అంతే.

ఒడ్డు దాటగానే అలలు పడవను గోడకేసి కొట్టినట్టు కొట్టసాగాయి. వాయవ్యం నుంచి గాలి. నేను ముందు బల్లను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు వాంతి అయింది. ఖల్ఫాన్ నిలబడే నడుపుతున్నాడు. గాలి ఎటు వీస్తుందో లెక్కవేసి, హమద్ చెప్పిన చోటుకి బాగా దక్షిణంగా పోనిచ్చాడు. చాలాసేపు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. ఆ సేపంతా నా తలలో ఒకటే తిరిగింది. నూట అరవై రెండు ఉంది కదా, మరి ఎందుకు ఆగింది? నేను ఇంకా మీటర్ పక్షానే ఉన్నాను. అది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

ఖల్ఫాన్ అరిచాడు. దూరంగా ఒక తెల్లటి గీత అల మీదికి వచ్చి మాయమైంది.

దగ్గరికి వెళ్లేసరికి పడవ సగం నీళ్లలో ఉంది. నాసర్ కోసిన నూనె డబ్బాతో నీళ్లు తోడుతున్నాడు. అతని అరచేతులు చీరుకుపోయి, పిడి మీద రక్తం. హమద్ తాళం తిప్పుతున్నాడు. స్టార్టర్ గుర్... గుర్... అని మూలుగుతోంది. పొద్దుటినుంచి ఆగినప్పుడల్లా తిప్పి తిప్పి బ్యాటరీ చచ్చిపోయింది.

ఖల్ఫాన్ తాడు విసిరాడు. హమద్ ముందు కొక్కేనికి కట్టాడు. లాగగానే నీళ్ల బరువుకు కొక్కెం ఊడి వచ్చేసింది. పడవ అడ్డం తిరిగింది. ఒక అల దాని మీదుగా పోయింది.

“వదిలెయ్ పడవని! ఇద్దరూ దూకి ఇటు రండి!” అన్నాడు ఖల్ఫాన్.

“ఈ అలల్లో నాసర్ దూకలేడు. చూడు అతని చేతులు!” అని హమద్ అరిచాడు. “ఇంజిన్ అయిదు నిమిషాలు నడిస్తే చాలు. ముక్కు గాలికి తిప్పితే నీళ్లు వెనకనుంచి పోతాయి.”

ఖల్ఫాన్ నా వైపు తిరిగాడు. రెండు పడవలూ ఒకదానికొకటి తగిలిన ఒక్క క్షణం చూసి నన్ను నెట్టాడో, నేనే దూకానో చెప్పలేను. మోకాళ్ల లోతు నీళ్లలో పడ్డాను. ఆ నీళ్లలో పెట్రోలు వాసన.

పదమూడు పాయింట్ ఎనిమిది

అలవాటు కొద్దీ ముందు బ్యాటరీకి మీటర్ పెట్టాను. పదమూడు పాయింట్ ఎనిమిది వోల్టులు.

నిండా చార్జయిన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు పన్నెండున్నరో, ఇంకొంచెమో చూపిస్తుంది. స్టార్టర్‌ను తిప్పలేక మూలుగుతున్న బ్యాటరీ పదమూడు దాటడం జరగని పని.

ఆరు నెలల కింద మీటర్ అద్దం మూల పగిలితే నల్ల టేపు అంటించాను. గోటితో దాన్ని లాగేశాను. కింద చిన్న బ్యాటరీ గుర్తు వెలుగుతోంది. మీటర్ లోపలి బ్యాటరీ అయిపోయిందని చెప్పే గుర్తు. బ్యాటరీ అయిపోయిన డిజిటల్ మీటర్ ఆగిపోదు. ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఈ సంగతి నాకు ఐటీఐలోనే చెప్పారు.

బ్యాటరీలో నిజంగా పదకొండున్నర ఉందనుకుంటే, నా నూట అరవై రెండు ఎంత? నూట ముప్పై అయిదు. మస్తాన్ భాయ్‌కు వినబడింది అదే.

“ఏమైంది?” అన్నాడు హమద్.

“తప్పు నాది,” అన్నాను. ఆ హోరులో ఆయనకు వినబడలేదు.

కాయిల్ బలహీనమే కానీ పూర్తిగా చావలేదు. ఇప్పుడు చల్లగా ఉంది. ఫ్లైవీల్ జోరుగా తిరిగితే చాలినంత కరెంటు ఇస్తుంది. జోరుగా తిప్పడానికి మంచి బ్యాటరీ కావాలి. ఖల్ఫాన్ పడవలో లైట్ల కోసం రెండో బ్యాటరీ ఉందని వచ్చేటప్పుడు చూశాను.

“మీ రెండో బ్యాటరీ ఇటివ్వండి!”

ఇరవై కిలోల బరువును ఆ అలల మీద చేతులు మార్చడం ఎలా ఉంటుందో రాయలేను. ఖల్ఫాన్ దాన్ని తాడుతో చుట్టి రెండుసార్లు చాచాడు. రెండుసార్లూ పడవలు విడిపోయాయి. మూడోసారి నాసర్ ఆ చీరుకుపోయిన చేతులతోనే దాన్ని పట్టుకుని గుండెకు హత్తుకుని వెనక్కి పడ్డాడు.

ఇక వైర్లు కలపాలి. కలిపేటప్పుడు నిప్పురవ్వ రావచ్చు. కాళ్ల కింద పెట్రోలు. “తాళం ఆపెయ్. తీసెయ్ బయటికి,” అని హమద్‌కు చెప్పాను. ఆయన తలగుడ్డ విప్పించి, పడవ బయటి సముద్రపు నీళ్లలో తడిపి, బ్యాటరీ మీద కప్పాను. గాలి వాసనను చెదరగొట్టే దాకా ఆగి, గుడ్డ కింద చెయ్యిపెట్టి ఒక్కో వైరు బిగించాను. ఏదీ మెరవలేదు. ఆ రెండు నట్లు బిగించేటప్పుడు మా అమ్మాయి పేరు పైకే అన్నానని నాసర్ తర్వాత చెప్పాడు.

హమద్ తాళం తిప్పాడు. స్టార్టర్ ఈసారి గట్టిగా కూసింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి ఇంజిన్ దగ్గి, నల్లటి పొగ కక్కి, అందుకుంది.

“ముక్కు తిప్పు! జోరు పెంచకు!” అని అరిచాను.

పడవ గాలికి ఎదురు తిరిగింది. నీళ్లు మెల్లగా వెనక కన్నం నుంచి పోవడం మొదలుపెట్టాయి. పదిహేడు నిమిషాలు నడిచింది ఇంజిన్. గడియారం చూస్తూనే ఉన్నాను. అది ఆగేలోపు నాసర్, నేను ఖల్ఫాన్ తాడును లోపలి బల్ల దిమ్మకు మూడు చుట్లు చుట్టాం. పడవ తేలిక పడింది కాబట్టి ఆ తాడు నిలిచింది. సాయంత్రం అస్ర్ నమాజు వేళకు సహం ఒడ్డు చేరాం.

ఒడ్డు మీద

చాలామంది పోగయ్యారు. హమద్ చెల్లెలు, అంటే నాసర్ భార్య, ఒక కారు పక్కన నిలబడి ఉంది. నాసర్ కాలు ఇసుక మీద పెట్టగానే ఆమె కూలబడిపోయింది.

అర్బాబ్ నా దగ్గరికి వచ్చి, అందరికీ వినబడేలా అడిగాడు. “పెట్రోలులో నీళ్లు కలిశాయి, అంతే కదా రాజూ?”

నాకు దారి చూపిస్తున్నాడు. తనకు కూడా. అవునంటే ఆ మాట అక్కడితో ముగిసిపోయేది. నేను దాచిన పాత అర వోల్టు ఉందని ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

“కాదు అర్బాబ్. కాయిల్ పోయింది. మస్తాన్ భాయ్ ఆ రోజే చెప్పాడు. నా మీటర్‌లో బ్యాటరీ అయిపోయింది, నేను చూసుకోలేదు. తప్పు నాది,” అన్నాను హిందీలో, హమద్ వైపు తిరిగి.

హమద్ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“నువ్వు చెప్పిన అంకె విని నా చెల్లెలి మొగుణ్ని తీసుకెళ్లాను,” అన్నాడు. అంతే. వెళ్లిపోయాడు.

నన్ను పంపించేస్తారనే అనుకున్నాను. రెండు రోజులు అర్బాబ్ నాతో మాట్లాడలేదు. మూడో రోజు మస్తాన్ భాయ్ ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. లోపల ఏమన్నాడో ఎప్పుడూ చెప్పలేదు. బయటికి వచ్చి, “కొత్త బ్యాటరీ ఏసి ఆ పాత కాయిల్ మళ్లా కొలువు. నాకు సూపించు,” అన్నాడు.

వేడెక్కించి కొలిచాను. నూట ముప్పై నాలుగు. తెచ్చి ఆయనకు చూపించాను.

“ఈ చెవి కూడా శానాసార్లు తప్పు చెప్పింది రాజేశం,” అన్నాడు. “బాగుండే సామాన్లు ఎన్ని పారేసినానో నాకే తెలీదు. నువ్వు నిన్న ఒడ్డున చెప్పినట్టు నేను యెప్పుడూ ఒకరి ముందర చెప్పలే.”

నిన్న కాదు, మూడు రోజుల కింద. ఆయన రోజులు కూడా కలిసిపోయాయన్నమాట. ఆ రోజునుంచి ఆయన విన్నాక నేను కొలిచేవాణ్ని. రెండూ ఒకటి కాకపోతే ఇంజిన్ ఇచ్చేవాళ్లం కాదు. ఆయన కడప వెళ్లిపోయే దాకా, మరో తొమ్మిదేళ్లు, అలాగే పనిచేశాం.

మీకు చెప్పేది

డబ్బీ చేసుకోండి. మంచి పనిముట్టు అది. కానీ ఇంజిన్‌కు పెట్టేముందు మీకు ముందే తెలిసినదాన్ని ఒకటి కొలవండి. కొత్త బ్యాటరీ కావచ్చు, గోడలోని ప్లగ్ కావచ్చు. తెలిసినదాన్ని తప్పు చూపితే తెలియనిదాన్ని ఒప్పు చూపదు. ఇంజిన్ ఏ స్థితిలో ఆగుతుందో ఆ స్థితిలోనే కొలవండి. అంకె కనీసానికి దగ్గరగా ఉంటే అది బాగున్నట్టు కాదు. అన్నిటికన్నా ముఖ్యం, మీ పక్కన ఇరవై ఏళ్లు పనిచేసినవాడు వద్దంటే ఆగండి. ఆయన ఎందుకు వద్దంటున్నాడో ఆయనకే చెప్పడం చేతకాకపోవచ్చు. అర్బాబుల గురించి ఒక మాట. సాలెం చెడ్డవాడు కాదు. కానీ ఇంజిన్ ఎప్పుడు బయటికి పోవాలన్నది ఆయన తొందరను బట్టి ఉండకూడదు. ఆ మాట ఆయనకు చెప్పే ధైర్యం నాకు రావడానికి ఇద్దరి ప్రాణాల మీదికి రావాల్సి వచ్చింది.

రెండేళ్లు హమద్ మా షాపుకు రాలేదు. ఇంజిన్‌ను సోహార్ తీసుకెళ్లేవాడు. నాసర్ వేట మానేశాడని విన్నాను. కూరగాయల తోటలో పనిచేసేవాడు. దారిలో కనబడితే చెయ్యెత్తేవాడు కానీ ఆగేవాడు కాదు.

మూడో ఏడాది, మళ్లీ వంజరం వేట తెరిచే ముందు రోజు, హమద్ పికప్ గేటు దగ్గర ఆగింది. వెనక కొత్త ఇంజిన్.

“సోహార్‌లో రెండుసార్లు చూశారు. అప్పుడప్పుడు ఒక్క క్షణం ఆగి అందుకుంటోంది. నువ్వు చూడు,” అన్నాడు. సలాం కూడా చెప్పలేదు.

మస్తాన్ భాయ్ అప్పుడు సెలవు మీద కడప వెళ్లి ఉన్నాడు. హమద్ కళ్ల ముందే మీటర్‌ను కొత్త బ్యాటరీ మీద పరీక్షించాను. కాయిల్ చల్లగా కొలిచాను, వేడిగా కొలిచాను. పల్సర్, సీడీఐ బాక్సు, అన్నీ కొలిచాను. అన్నీ కనీసం కన్నా ఎంతో పైన.

“అయితే ఇచ్చెయ్,” అన్నాడు అర్బాబ్. “రేపు వేట.”

“అంకెలన్నీ మంచిగున్నయి. కానీ అది ఎందుకు ఆగుతున్నదో నాకు తెలియదు,” అన్నాను హమద్‌తో. “తెలియకుండా ఇవ్వను.”

అర్బాబ్ విసుక్కుంటూ లోపలికి వెళ్లాడు. హమద్ చెప్పులు విడిచి, ఒక డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. మూడు గంటలు కదలలేదు. నేను ఇంజిన్ నడిపిస్తూ ఒక్కో వైరును పట్టుకుని వంచుతూ పోయాను. సీడీఐ బాక్సు నుంచి దిమ్మకు పోయే ఎర్త్ వైరు వంచగానే ఇంజిన్ ఒక్క క్షణం ఆగి అందుకుంది. పై తొడుగు బాగానే ఉంది. లోపల రాగి పోగులన్నీ తెగి, ఒకటో రెండో మిగిలాయి.

కొత్త వైరు వేసి, గంటసేపు నడిపి చూపించాను. పాత ముక్కను చెత్తలో వేయబోతుంటే హమద్ చెయ్యి చాచాడు. తొడుగు చీల్చి, తెగిన పోగులను వేలితో తడిమి చూసి, జేబులో వేసుకున్నాడు.

“నాసర్‌కు చూపిస్తాను,” అన్నాడు. “రేపు వాణ్ని కూడా వేటకు రమ్మంటాను.”